దిగని మనిషి

మా తోడల్లుడి మూత్రసంచి మీద నాకు కుళ్ళు. ఇలాంటి దాన్ని చూసి ఒక మగవాడు ఇంకో మగవాడి మీద ఏడవడం మీరెక్కడా విని ఉండరు. నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ టవర్ క్రేను నడిపేవాళ్ళనెవరినైనా ఒకసారి అడిగి చూడండి. ఇది నవ్వులాట కాదని వాళ్ళే చెబుతారు.

మేమిద్దరం ఒకే సైటులో పనిచేస్తాం. ఆయన క్రేను తూర్పున, నాది పడమట, మధ్యలో లేస్తున్న భవనాలు. పొద్దుట్నుంచి ఇద్దరం గాజు గదుల్లో ఎదురెదురుగా కూర్చుంటాం. కిందివాళ్ళకి మేం కనిపించం గానీ మేం మాత్రం ఒకరికొకరం ఎదురింటివాళ్ళంత దగ్గర. ఆయన ఆవులిస్తే నాకు కనిపిస్తుంది. చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నా కనిపిస్తుంది. ఆయన కుర్చీలోంచి లేవడం ఒక్కటే నాకు ఎప్పుడూ కనిపించలేదు.

పొద్దున ఎక్కినవాడు భోజనానికే దిగుతాడు. భోజనం చేసి ఎక్కితే పని ముగిశాకే దిగుతాడు. మరి నేను? కొక్కేన్ని నాలుగుసార్లు కిందికి దింపానో లేదో, పొత్తికడుపులో తలుపు తట్టినట్టు మొదలవుతుంది. కాసేపటికి తట్టడం బాదడమవుతుంది. కాళ్ళు బిగించి, పళ్ళు కరుచుకుని, లేనిపోని లెక్కలన్నీ మనసులో వేసుకుని, ఇక లాభం లేదనుకున్నాక రేడియోలో "దిగుతున్నా" అంటాను. కింద సిగ్నల్ మాన్ ఆ మాట కోసమే పుట్టినట్టు గొంతెత్తుతాడు.

"లిఫ్టన్న వస్తున్నాడు! కాంక్రీటు ఆపండి!"

లిఫ్టు నాకు వాళ్ళు పెట్టిన పేరు. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతుంటానని. మా తోడల్లుడికి పెట్టిన పేరు ఉక్కన్న. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మా పనిలో అదో పిచ్చి. ఆపరేటర్ ఒకసారి దిగి ఎక్కేలోగా కిందంతా పని ఆగిపోతుంది. కాంక్రీటు గట్టిపడుతుందని మేస్త్రీలు గోల, లారీలు కదలడం లేదని డ్రైవర్లు గోల. అందుకని ఎవరైనా ఆపరేటర్ గురించి వాకబు చేస్తే అతని చెయ్యి ఎలాంటిదని అడగరు. "దిగుతాడా?" అని అడుగుతారు. ఇనుప కమ్మీల కట్టను పిట్టను దించినంత మెత్తగా దించగలిగినా సరే, దిగేవాడైతే వాడు రెండో రకం. కొందరు మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టుకోరు. కొందరు పైన సీసాలు పెట్టుకుంటారు. నేనూ సీసా పెట్టుకుని చూశాను. కొక్కెం గాల్లో ఉండగా రెండు చేతులూ లివర్ల మీద ఉంటాయి, ఇక సీసా ఎవరు పట్టుకుంటారు? ఆ ముచ్చట అంతటితో సరి.

ఇద్దరికీ షుగరే. షుగరులో కూడా ఆయన నాకు సీనియర్. నాకు బయటపడటానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆయనకి వచ్చింది. గుర్తుంటే మాత్ర వేసుకుంటాడు, లేకపోతే లేదు. తీపి కనిపిస్తే ఎడమ చేత్తో తోసి కుడి చేత్తో తీసుకుంటాడు. నేను పథ్యం చేస్తాను, నడుస్తాను, చేదు మందులన్నీ మింగుతాను. అయినా పరిగెత్తేది నేను, కూర్చునేది ఆయన. ఇదెక్కడి న్యాయమండీ?

మా మామగారికి ఇద్దరూ కూతుళ్ళే. పెద్దమ్మాయిని ఆయన చేసుకున్నాడు, చిన్నమ్మాయిని నేను చేసుకున్నాను. ఆ లెక్కన ఆయన నాకు అన్నయ్య, నేను తమ్ముణ్ణి. ఓ ఆదివారం అందరం మామగారింట్లో భోజనానికి కూర్చున్నాం. అత్తగారు వడ్డిస్తున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో మొదలైంది. లేచాను. వచ్చి కూర్చున్నాను. మజ్జిగ పోసుకునేలోగా మళ్ళీ లేచాను.

"ఏమయ్యా చిన్నల్లుడూ, విస్తరికీ బాత్రూంకీ మధ్య రోడ్డు వేయించమంటావా?" అన్నారు మామగారు. అందరూ నవ్వారు. మా ఆవిడ తల వంచుకుని నవ్వింది, అది నేను చూశాను.

"సైటులో ఈమధ్య మూడో క్రేను వేస్తున్నారు మామగారూ," అన్నాడు మా తోడల్లుడు, నిదానంగా. "రెండింటికంటే ఎత్తు. దాని మీదికి ఎక్కితే సాయంత్రం దాకా దిగే ప్రశ్నే లేదు."

"ఇంకేం, నీకే ఇస్తారు. నువ్వు కాకపోతే ఎవరున్నారు?"

నా మొహాన పేడనీళ్ళు చల్లినట్టయింది. ఆ క్రేను కోసం నేను ఎన్నాళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురు చూస్తున్నానో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అంత ఎత్తు నుంచి బరువు దించడం అందరివల్లా కాదు. నా చెయ్యి దానికి సరిపోతుంది. ఆ మాట నాకు తెలుసు, ఇంజినీరుకి తెలుసు, మా తోడల్లుడికీ తెలుసు. కానీ నా చెయ్యి మాట ఎవరడిగారు?

ఆయన చేతులు కడుక్కుని బాత్రూంలోకి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. పేపరు తీసుకెళ్ళాడేమోనని మామగారు జోకేశారు. వచ్చాక చూస్తే మొహం ఎర్రగా కందిపోయి, నుదుటి మీద చెమట పట్టి ఉంది. అప్పుడు నాకు అనుమానమేమీ రాలేదు. వెళ్తే పూర్తిగా తేల్చుకుని వచ్చే మనిషి అనుకుని ఇంకాస్త కుళ్ళుకున్నాను.

ఆ రోజు నుంచి నా బుద్ధి ఒకే చోట తిరగడం మొదలుపెట్టింది. మనిషన్నవాడు అలా కూర్చోలేడు. ఏదో మోసం ఉంది. అదేమిటో కనిపెట్టి ఇంజినీరు ముందు పెడితే ఉక్కు తుప్పు రాలుతుంది.

గాలి ఎక్కువగా వీస్తే క్రేన్లు ఆపేస్తారు. అలాంటి ఓ రోజు ఇద్దరం కిందికి దిగాం. ఆయన టీ తాగడానికి వెళ్ళాడు. నేను ఆయన కేబిన్లో నా జర్కిన్ మర్చిపోయానని సిగ్నల్ మాన్ కి ఓ అబద్ధం చెప్పి ఆయన క్రేను ఎక్కాను. గాలికి నిచ్చెన ఊగుతోంది. పడిపోతే మా ఆవిడకి ఏమని చెబుతారోనన్న ఆలోచన వచ్చింది గానీ వెనక్కి మాత్రం తగ్గలేదు.

కేబిన్ తలుపు తీయగానే వాసన గుప్పుమంది. పాత వాసన, ఎండకి మగ్గిన వాసన. సీసా కోసం కుర్చీ కింద వెతికాను, వెనక వెతికాను. సీసా లేదు. కుర్చీ మీద మాత్రం నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు ఉంది, తాకితే చెమ్మగా ఉంది. కుర్చీ వెనక కవరులో ఇంకో నల్ల ప్యాంటు, ఇంకో తువ్వాలు.

నాకు పట్టరాని సంతోషం వేసింది. ఓరి ఉక్కన్నా, ఇదా నీ గొప్ప! దిగడం ఇష్టం లేక కూర్చున్నచోటే కానిచ్చేస్తున్నావా! ఎప్పుడూ నల్ల ప్యాంటే ఎందుకు వేస్తాడో అప్పుడు అర్థమైంది. నిచ్చెన దిగుతున్నంతసేపూ ఇంజినీరుతో ఏమని మొదలెట్టాలా, ఏ మాటకి ఎవరు ఎలా నవ్వుతారా అని ఊహించుకుంటూ దిగాను. ఇంజినీరు ఆ రోజు సైటులో లేడు. లేకపోవడమే మంచిదైందని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు మా ఆవిడ నన్ను బలవంతంగా ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ఎంతకని చూస్తుంది పాపం. ఆడమనిషిని మీ మగవాళ్ళ గోలలోకి నేనెందుకు అని తను బయట బెంచీ మీదే కూర్చుంది. లోపల డాక్టరమ్మ మొదట నన్ను బాత్రూంకి వెళ్ళి రమ్మంది. ఆ పని చేయడానికి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చాక పొట్ట మీద చల్లటి జెల్లు పూసి, మెషీను పెట్టి చూసింది.

"మీ మూత్రసంచి పూర్తిగా ఖాళీ అవుతోందండీ. మంచి విషయం."

"మంచి విషయమేంటి డాక్టరమ్మా! దాని వల్లే కదా నా బతుకు ఇలా తగలడింది!"

ఆవిడ నవ్వింది. "రక్తంలో చక్కెర ఎక్కువైతే ఒళ్ళు దాన్ని మూత్రంలోంచి బయటికి పంపేస్తుంది. చక్కెర ఒక్కటే పోదు కదా, నీళ్ళని కూడా లాక్కుపోతుంది. అందుకే అన్నిసార్లు. పైగా మీ సంచికి తొందరెక్కువ, సగం నిండకముందే గోల పెడుతోంది. షుగరు అదుపులోకి వస్తే చాలావరకు తగ్గుతుంది. ఈలోపు ఒక మాత్ర రాస్తాను."

అక్కడితో లేచి వచ్చేయొచ్చు. కానీ నా కడుపులో మంట ఊరుకోనిస్తుందా?

"మా తోడల్లుడికీ షుగరేనండీ. నాకంటే ఎంతో ముందు నుంచీ. ఆయన పూటంతా కదలడు. ఆయన సంచి అంత బుద్ధిగా ఉన్నప్పుడు నాదొక్కటీ ఎందుకిలా ఏడిచింది?"

ఆవిడ రాస్తున్న పెన్ను ఆగింది. "అసలు రావట్లేదంటారా? వెళ్ళినప్పుడు చాలాసేపు పడుతుందా? ముక్కి ముక్కి పోయాల్సి వస్తుందా?"

మామగారింట్లో ఆయన ఎర్రబడ్డ మొహం గుర్తొచ్చింది. "సేపు పడుతుంది," అన్నాను.

"తెలియకుండా బట్టలు తడుస్తాయా?"

తువ్వాలు చెమ్మ ఇంకా నా వేళ్ళకి ఉన్నట్టనిపించి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను.

"అది బుద్ధిగా ఉండటం కాదండీ," అందావిడ. "షుగరు చాలాకాలం అదుపులో లేకపోతే అక్కడి నరాలు దెబ్బతింటాయి. సంచి నిండినా నిండినట్టు తెలియదు. అది నిండుతూనే ఉంటుంది, సాగుతూనే ఉంటుంది. బయటికి తోసే బలం కూడా పోతుంది. వెళ్ళి వచ్చినా సగానికి పైగా లోపలే మిగిలిపోతుంది. పట్టనిది చుక్కలు చుక్కలుగా కారిపోతుంది. ఆయన కావాలని చేసేది కాదు, కారుతున్నట్టు ఆయనకి తెలియను కూడా తెలియదు. లోపల నిలవున్న దాంట్లో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఒత్తిడి వెనక్కి పోయి కిడ్నీల మీద పడుతుంది. ఆయన్ని వెంటనే తీసుకురండి. జ్వరం, చలి వచ్చాయంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు."

నిజం చెప్పేస్తున్నాను. ఇదంతా విని నాకు ముందు కలిగింది జాలి కాదు. అయితే అది గొప్ప కాదన్నమాట, రోగమన్నమాట అని ఎగిరి గంతేయాలనిపించింది. ఇన్నేళ్ళూ నేను ఏ మనిషిని చూసి ఏడ్చానో ఆ మనిషి దగ్గర ఏమీ లేదు. కొత్త క్రేను నాదే. భయం ఆ తర్వాత వేసింది, మందుల షాపు ముందు నిలబడి ఉండగా. అప్పుడు మాత్రం గట్టిగానే వేసింది.

బయటికొచ్చాక మా ఆవిడకి చెప్పాను. మీ బావకి లోపల ఇలా ఉన్నట్టుంది, కిడ్నీలు పోతాయంట అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"డాక్టరు చూసింది మీ పొట్టా, మా బావ పొట్టా?"

"నా పొట్టే. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. మీకు మా బావంటే కుళ్ళని తెలుసు. ఇంత కుళ్ళని మాత్రం తెలీదు. బాగున్న మనిషికి లేని రోగం అంటగడతారా?"

వదినకి ఫోన్ చేశాను. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విని, "మరిదిగారూ, క్రేను ఎవరికో తేలిపోయాక ఈ మాట చెప్పుంటే ఇంకా బాగుండేది," అని పెట్టేసింది. ఇక ఆయనతోనే తేల్చుకుందామని మర్నాడు మధ్యాహ్నం భోజనాల షెడ్డులో ఆయన పక్కన కూర్చున్నాను. గొంతు తగ్గించే చెప్పాను గానీ, ఆ షెడ్డులో గుసగుసకే అందరి చెవులూ నిక్కబొడుచుకుంటాయి.

ఆయన తింటున్నవాడల్లా ఆగి, నా వీపు మీద తట్టి, అందరికీ వినబడేలా నవ్వాడు. "క్రేను కావాలంటే అడుగు తమ్ముడూ, ఇంజినీరుతో నేనే చెప్తాను. అంతేగానీ కూర్చునే మనిషిని చూసి రోగిష్టోడంటే ఎలా?"

షెడ్డంతా గొల్లుమంది. సిగ్నల్ మాన్ అయితే క్యారియర్ గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వాడు. తువ్వాలు మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, ఆ నవ్వులన్నీ అటు తిరుగుతాయి. ఆయన కళ్ళలోకి చూశాను. ఎందుకో ఆ కళ్ళు నవ్వడం లేదు. అనలేదు. క్యారియర్ మూసేసి లేచిపోయాను.

సరే, నాకేం? చెప్పాల్సింది చెప్పాను, వినకపోతే ఆయన ఖర్మ. అలా అనుకుని నా మాత్ర నేను వేసుకోవడం మొదలుపెట్టాను. పథ్యం ఇంకాస్త గట్టిగా చేశాను. రోజులు గడిచేకొద్దీ పొత్తికడుపులో బాదుడు తట్టడం దాకా తగ్గింది. పూటకి ఒక్కసారి దిగితే సరిపోతోంది. సిగ్నల్ మాన్ కి నా మీద అరవడానికి అవకాశం దొరక్క గొంతు పట్టేసినట్టుంది.

కానీ కళ్ళని ఏం చేయను? ఆయన్ని చూడటం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. కట్టుకున్న పెళ్ళాం కూడా ఆయన్ని అంత శ్రద్ధగా చూసి ఉండదు. ముందు గాజుకి ఆయన తల ఆనించడం చూశాను. ఆ తర్వాత ఎడమ చెయ్యి నడుం పక్కన పెట్టి నొక్కుకోవడం చూశాను. ఓ రోజు ఎండ మాడిపోతోంది, నేను చొక్కా గుండీలన్నీ విప్పేసి కూర్చున్నాను. ఎదుటి కేబిన్లో ఆయన జర్కిన్ వేసుకుని, మెడదాకా జిప్పు లాక్కుని, చేతులు చంకల్లో పెట్టుకుని ఉన్నాడు. ఆయన క్రేను కొక్కెం ఖాళీగా గాల్లో వేలాడుతోంది. కింద సిగ్నల్ మాన్ రేడియోలో ఆయన్ని పిలుస్తున్నాడు, ఆయన బదులివ్వడం లేదు.

చలి వచ్చిందంటే ఒక్క పూట కూడా ఆగకూడదని డాక్టరమ్మ అన్న మాట చెవుల్లో మోగింది. దిగుతున్నానని రేడియోలో చెప్పి గబగబా దిగాను. దారిలో ఇంజినీరు ఎదురొచ్చాడు.

"మీకోసమే వస్తున్నా," అన్నాడు. "ఈమధ్య మీరూ పెద్దగా దిగట్లేదు. నిజానికి చెయ్యి మీదే నాజూకు. కొత్త క్రేనుకి మీ పేరే చెబుదామనుకుంటున్నాను. ఏమంటారు?"

ఆ మాట వినడానికే నేను ఇన్నాళ్ళూ బతికాను. నా పేరు! మామగారి మొహం కళ్ళ ముందు కదిలింది, ఆ విస్తరి, ఆ రోడ్డు జోకు, మా ఆవిడ నవ్వు, అన్నీ. తల పైకెత్తి చూస్తే తూర్పు క్రేను కొక్కెం ఇంకా ఖాళీగానే వేలాడుతోంది. ఇప్పుడు నేను 'సరే' అని ఆ పైకి ఎక్కి, అన్నయ్యా ఆసుపత్రికి పద అంటే ఆయన వస్తాడా? క్రేను కొట్టేశాడు, ఇక మనిషిని కూడా కిందికి దించేస్తున్నాడు అనుకుంటాడు. ఆయనే కాదు, ఎవరైనా అదే అనుకుంటారు. నా కుళ్ళు ఊరందరికీ తెలుసు. దాని వల్ల నా నోట నిజం వచ్చినా చెల్లకుండా పోయింది.

"నాకొద్దండీ," అన్నాను.

"ఏంటి?"

"కొత్త క్రేను నాకొద్దు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ వద్దు. ఇంకెవరికైనా ఇవ్వండి." ఆ మాటలు పేగులు తెంపుకుని బయటికి వచ్చాయి. ఏడుపొచ్చింది కూడా. "ఒక్క సాయం చేయండి. మా అన్నయ్య కేబిన్లోకి వెళ్ళొస్తాను, కాసేపు ఆ క్రేను ఆపించండి."

నాకు మతి పోయిందేమోనన్నట్టు చూశాడు గానీ కాదనలేదు.

తలుపు తీసేసరికి ఆయన అదిరిపడ్డాడు. వాసన మొదటిసారి కంటే ఘాటుగా ఉంది. ఆయన కూర్చున్న తువ్వాలు మీదికి నా చూపు పోకుండా ఉండలేకపోయింది. అది ఆయన చూశాడు. ఇద్దరు మనుషులు పట్టే చోటు కాదది. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది.

"అన్నయ్యా, కొత్త క్రేను నాకే ఇస్తానన్నారు. ఇప్పుడే వద్దని చెప్పి ఇటే వచ్చాను. కావాలంటే రేడియోలో ఇంజినీరునే అడుగు. ఇక నాకు నీతో పోటీ లేదు. ఇప్పుడైనా నా మాట విను, పద."

ఆయన అడగడానికి రేడియో తీయలేదు.

"వద్దన్నావా?" అన్నాడు. "నువ్వు?"

"నేనే."

ఆయన కింది తువ్వాలు అంచు లాగి సర్దుకున్నాడు. "ఎప్పట్నుంచో ఇంతే తమ్ముడూ. నాకు రావడం తెలీదు. గడియారం చూసి వెళ్తాను, ఎంత ముక్కినా ధార పడదు. లేచి చూసుకుంటే ప్యాంటు తడిసి ఉంటుంది. మీ వదినకి కూడా చెప్పలేదు. అందరూ ఉక్కన్న, ఉక్కన్న అంటుంటే ఏమని చెప్పను?"

ఆయన ముందు దిగాడు, నేను పైన. పట్టు తప్పుతాడేమోనని ప్రతి మెట్టుకీ ఆయన జర్కిన్ కాలర్ చూస్తూ దిగాను. పని మధ్యలో ఉక్కన్న దిగడం సైటంతా నిలబడి చూసింది. సిగ్నల్ మాన్ అలవాటు కొద్దీ గొంతెత్తబోయి, రేడియో ఆపేశాడు. నేను నా చొక్కా విప్పి ఆయన నడుం చుట్టూ కట్టాను.

ఆసుపత్రిలో గొట్టం వేయగానే దానికి తగిలించిన సంచి నిండిపోయింది. నర్సు ఆ సంచి ఖాళీ చేసి మళ్ళీ తగిలించింది, మళ్ళీ నిండింది. ఇంత పట్టుకుని ఎలా తిరిగారండీ అని ఆవిడ విస్తుపోయింది. కిడ్నీలు వాచాయి గానీ చేజారిపోలేదన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో వదినకి చెబుతుంటే ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. నన్ను చూసి "మరిదిగారూ" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా ఆవిడ మాత్రం ఎక్కడ తగ్గుతుంది? "రోజంతా మా బావనే చూస్తూ కూర్చున్నందుకు ఇన్నాళ్ళకి పనికొచ్చారు," అంది. అన్నాక నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొత్త క్రేను ఇంకెవరికో ఇచ్చారు. ఆ మాట వినగానే వాడి మీద కూడా నాకు కాస్త కుళ్ళు పుట్టింది, దాచుకోవడమెందుకు.

జ్వరం తగ్గాక ఓ సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ కిందికి టీ కోసం వెళ్ళారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఇక మీదట వచ్చినా రాకపోయినా గడియారం ప్రకారం వెళ్ళాలనీ, ఒకసారి అయ్యాక కాసేపాగి మళ్ళీ ప్రయత్నించాలనీ, అప్పటికీ అవకపోతే సన్నటి గొట్టం తనే పెట్టుకుని ఖాళీ చేసుకోవడం నేర్చుకోవాలనీ డాక్టరు చెప్పి వెళ్ళాడు. పోయిన నరాలు తిరిగి రావడం కష్టమని కూడా చెప్పాడు. మంచం పక్కన సంచి వేలాడుతోంది. ఆయన దానివైపు చూడకుండా కప్పువైపు చూస్తున్నాడు.

"తమ్ముడూ," అన్నాడు. "ఎలా ఉంటుంది?"

"ఏది?"

"వస్తున్నప్పుడు. నీకు తెలుస్తుంది కదా. నేను మర్చిపోయాను. ఎలా ఉంటుందో చెప్పు."

చెప్పాను. ముందు పొత్తికడుపులో చిన్న బరువులా ఉంటుందని, దాన్ని పట్టించుకోకపోతే సూదిలా గుచ్చుతుందని, ఇక ఆగలేనన్నప్పుడు ఒళ్ళంతా ఆ ఒక్క చోటే ఉన్నట్టుంటుందని, అంతా అయ్యాక వెన్నులోంచి ఒక చిన్న వణుకు వచ్చి హాయిగా ఉంటుందని. చెబుతూ ఆయన మొహం చూశాను. కళ్ళార్పకుండా నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ గాజులోంచి ఆయన్ని నేను చూసిన చూపు అదే.

మా తోడల్లుడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు. ఒక్కసారి ఆయన నన్ను అలా చూస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్న రోజులున్నాయి. ఇప్పుడు చూస్తుంటే ఎటు తల తిప్పుకోవాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే నాకు వచ్చింది. ఆ మాటలన్నీ చెప్పినందుకేమో, మామూలుగా కాదు, బాదుతూ వచ్చింది. ఆయన ఎదురుగా లేవబుద్ధి కాలేదు. కాళ్ళు దగ్గరికి చేర్చి కూర్చున్నాను.

"వస్తోందా?" అన్నాడు.

"ఏం లేదన్నయ్యా."

"వస్తోంది, నాకు తెలుస్తోంది. వెళ్ళు. ఆపుకోకు."

లేచాను. గదిలోనే ఓ మూల ఉంది బాత్రూం, పల్చటి తలుపు. వెళ్ళేటప్పుడు ఆయన కళ్ళు నా వెనకే వస్తున్నాయి. తలుపు వేసుకుని కుళాయి పూర్తిగా తిప్పాను, చప్పుడు ఆయనకి వినబడకూడదని.